ఆషూరా నాటి మూడు ఉపవాసాలు

మొహర్రం నెల పదో తేదీన, ఆషూరా నాడు, బనగానపల్లెలో పొద్దుటి నుంచి తిండి ముట్టనివాళ్లు చాలామంది కనబడతారు. కొందరు తెల్లవారకముందే సహరీ తిని, నియ్యత్ చెప్పుకొని రోజా పడతారు. మగ్రిబ్ అజాన్ వినబడేదాకా నీటిచుక్క కూడా గొంతు దిగనివ్వరు. నల్లబట్టలు కట్టుకొని మాతం చేసే షియా కుటుంబాలు కూడా పొద్దుటి నుంచి పస్తే ఉంటాయి. వాళ్లు మాత్రం పొద్దుగుంకే దాకా ఆగరు. అసర్ (మధ్యాహ్నం తరువాతి నమాజు) వేళ దాటాక ఇంత తిని, నీళ్లు తాగుతారు. ఇక చుట్టుపక్కల పల్లెల్లో పీర్ల సావిడికి మొక్కుకున్న రైతులు, కూలీలు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఒక్కపొద్దు ఉంటారు. వీళ్లలో ముస్లింలు కానివాళ్లే ఎక్కువ. పీరుకు చదివింపులు చేయించి, మలీద పంచాకే వీళ్లు అన్నం తింటారు.

ముగ్గురి కడుపులోనూ ఉన్నది ఆకలే. మరి ముగ్గురిదీ ఒకే ఉపవాసమా? కాదు. ఒకటి ఇస్లాం శాస్త్రం చెప్పిన ఐచ్ఛిక వ్రతం. రెండోది సంతాపం. మూడోది మొక్కు. ఈ మూడింటినీ విడివిడిగా చూడకపోవడం వల్లే ఏటా ఇళ్లలో, మసీదు మెట్ల మీద, ఫోన్లలో వాదులాటలు పుడుతున్నాయి. కువైట్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చిన కొడుకు అమ్మ చేసే ఫాతెహాను (చదివింపులను) బిద్అత్ అంటాడు, అంటే ధర్మంలో లేనిది కొత్తగా చేర్చడమని. అమ్మ నొచ్చుకుంటుంది. ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో నెమ్మదిగా చూద్దాం.

ముందు ఈ ఊరి సంగతి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె 1948 ఫిబ్రవరిలో భారతదేశంలో కలిసేదాకా ఒక చిన్న సంస్థానం. పక్కనున్న కర్నూలు, కడపలను పఠాన్ నవాబులు ఏలితే ఇక్కడ ఏలినవాళ్లు షియాలు. దక్షిణాదిలో షియా వంశం పాలనలో ఇరవయ్యో శతాబ్దం దాకా నిలిచిన సంస్థానాలు అరుదు. నవాబుల ఆదరణతో ఇక్కడ మొహర్రం సంతాపం రాజమర్యాదతో సాగింది. ఊరి ముస్లింలలో ఎక్కువమంది సున్నీలే. పల్లెల్లో తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులవాళ్లున్నారు. వీరబ్రహ్మేంద్రస్వామి ఆవులు కాసిన రవ్వలకొండ ఈ ఊరి దాపునే ఉంది, ఆయనకు ప్రియశిష్యుడైన సిద్దయ్యా దూదేకుల బిడ్డే. ఇన్ని దారులు కలిసే చోట ఒకే తేదీకి మూడు ఆచారాలు ఉండటంలో వింత లేదు.

సున్నీల రోజా కథ కర్బలాకన్నా పాతది. ఇస్లాంకు ముందే మక్కాలోని ఖురైషులు ఆషూరా దినాన ఉపవాసం ఉండేవారనీ, కాబాకు కొత్త వస్త్రం కప్పేది ఆ రోజేననీ హజ్రత్ ఆయిషా చెప్పినట్టు హదీసులు (ప్రవక్త మాటల, చేతల కథనాలు) ఉన్నాయి. 622లో ప్రవక్త మదీనా చేరాక అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉండటం చూశారు. ఎందుకని అడిగితే, మూసాను, ఆయన ప్రజలను దేవుడు ఫరో బారినుంచి కాపాడిన రోజని చెప్పారు. మూసాతో మాకు ఇంకా దగ్గరి బంధం అని ప్రవక్త తానూ ఉపవాసం ఉండి, తనవాళ్లనూ ఉండమన్నారు. హిజ్రీ 2వ ఏట రంజాన్ రోజాలు విధి అయ్యాక ఆషూరా రోజాను ఎవరి ఇష్టానికి వాళ్లకు వదిలేశారు. తన చివరి ఏడాదిలో, వచ్చే ఏడు ఉంటే తొమ్మిదో తేదీన కూడా ఉపవాసం ఉంటానని అన్నారు. ఆ వచ్చే ఏడు ఆయనకు రాలేదు. అందుకే ఆలిములు (మతపండితులు) తొమ్మిది, పది కలిపి రోజా ఉండమంటారు. తొమ్మిది తప్పితే పది, పదకొండు అంటారు. గడిచిన ఏడాది పాపాలకు ఈ రోజా ప్రాయశ్చిత్తమవుతుందని సహీ ముస్లిం హదీసు సంకలనంలో ఉంది. సున్నీ మజ్‌హబ్‌లు (ధర్మశాస్త్ర సంప్రదాయాలు) నాలుగింటికీ దీని మీద తగాదా లేదు.

ప్రవక్త కన్నుమూసిన అరవై ఏళ్లలోపే, హిజ్రీ 61లో అదే మొహర్రం పదిన, అంటే 680 అక్టోబర్ 10న, ఆయన మనవడు ఇమామ్ హుసేన్‌ను కర్బలాలో చంపారు. అంతకు మూడు రోజుల ముందు నుంచే యూఫ్రటిస్ నీళ్లు అందకుండా కట్టడి చేశారు. చంటిపిల్లలు దప్పికతో అల్లాడిన కథ అది. ఆ తరువాత ఉమయ్యద్ పాలకుల పక్షంవాళ్లు ఆ రోజును శుభదినంగా జరుపుకున్నారని షియాలు చెబుతారు. అలాంటి దినాన పుణ్యం ఆశించి రోజా పట్టడం వాళ్ల మనసుకు మింగుడుపడదు. షియా ఆలిములలో ఎక్కువమంది ఆషూరా రోజాను మక్రూహ్ అంటారు, అంటే నిషేధం కాకపోయినా ఇష్టపడని పని అని. దానికి బదులు ఫాఖా ఉండమంటారు. రోజా నియ్యత్ లేకుండా, హుసేన్ బిడ్డల ఆకలిదప్పులను తలుచుకుంటూ అసర్ దాకా ఉండే పస్తు అది. అసర్ తరువాత కొంచెం తినడం వాళ్లు బుద్ధిపూర్వకంగా చేసే పని. ఇది రోజా కాదని చెప్పడానికే పొద్దుగుంకకముందే దాన్ని విడుస్తారు. ఈ సంగతి తెలియని సున్నీ పొరుగువాడు, వీళ్లు రోజాను మధ్యలోనే చెడగొట్టుకున్నారని అనుకుంటాడు. తెలియని షియా పొరుగువాడు, హుసేన్ చనిపోయిన రోజున వీళ్లు ఇఫ్తార్ చేసుకుంటున్నారని నొచ్చుకుంటాడు. సున్నీ రోజా మూసా విముక్తికి కృతజ్ఞత. అందులో హుసేన్ మీద అగౌరవం లేదు, సున్నీలు కూడా ఆయన్ను గుండెల్లో పెట్టుకునేవాళ్లే.

ఇక మూడోది, మన పల్లెల పీర్ల పండుగ. వేదం చదివినవాడికీ ఖురాన్ చదివినవాడికీ కొంచెం ఇబ్బందిగా ఉండే పండుగ ఇదే. రాయలసీమలో పీర్ల సావిడి లేని ఊరు వెతకాల్సిందే. నెలవంక కనబడగానే గుండానికి గుద్దలి వేస్తారు. పెట్టెలోని పీర్లను తీసి, తోమి, పట్టుబట్టలు చుట్టి నిలబెడతారు. పదోనాటికి అగ్గిగుండం, ఊరేగింపు, తరువాత నీళ్ల దగ్గరికి సాగనంపడం. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లో కూడా ముజావర్‌ను పక్క ఊరి నుంచి పిలిపించుకొని పండుగ చేస్తారు. హుసేనప్ప, ఫక్కీరప్ప, మస్తానమ్మ, కుల్లాయప్ప అనే పేర్లు హిందూ ఇళ్లలో పెట్టుకునేది ఈ మొక్కుల వల్లే. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుల్లాయిస్వామి మొహర్రానికి వచ్చే జనం సంగతి సీమలో అందరికీ తెలుసు. ఆ ఊరి పండుగ మీదే కవి అఫ్సర్ పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. పల్లె భక్తికీ, దాన్ని సరిదిద్దాలనుకునే సంస్కరణవాదులకూ నడుమ ఉన్న ఒత్తిడిని అందులో ఓపికగా వివరించారు.

నీళ్ల కోసం కొట్లాడుకున్న నేల ఇది. నీళ్లివ్వకుండా చంపిన కథ ఇక్కడ ఇంత లోతుగా నాటుకుపోవడానికి కరువు కూడా ఒక కారణమని నా నమ్మకం. పీర్ల పండుగనాడు దారినపోయేవాళ్లకు షర్బత్తు, పానకం, చల్లటి నీళ్లు పోసే అలవాటు ఊరికే రాలేదు.

మరి ధర్మశాస్త్రం ఏమంటుంది? పీర్లకు మొక్కడం, గుండం చుట్టూ తిరగడం, పీరు ఒంటిమీదికి వచ్చిందని నమ్మడం ఇస్లాంలో లేవని సున్నీ ఆలిములలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇది సంస్కరణవాదులైన తబ్లీగ్‌వాళ్ల మాటో, అహ్లె హదీస్‌వాళ్ల మాటో అనుకుంటారు చాలామంది. కాదు. దర్గాలకు, ఉర్సులకు, ఫాతెహాలకు గట్టిగా నిలబడిన బరేల్వీ సంప్రదాయపు పెద్ద అహ్మద్ రజా ఖాన్ కూడా తాజియాల (హుసేన్ సమాధి నమూనాల) ఊరేగింపులను తప్పుబడుతూ రాశారు. షియా పెద్దల్లో కూడా కత్తులతో ఒళ్లు కోసుకొనే మాతాన్ని వద్దనేవాళ్లున్నారు. అయితే ఒక్కపొద్దున్న హిందూ రైతుకు ఈ తీర్పులతో పని లేదు. ఆయన తన ఇలవేల్పుకు ఉన్నట్టే పీరుకు ఉంటున్నాడు. అది రోజా అని ఆయన ఎప్పుడూ అనలేదు. ముస్లిం ఇంటి సంగతి మాత్రం వేరు. ఈ ఒక్కపొద్దు, ఈ మొక్కు తన ధర్మంలో భాగమని నమ్మి చేసేవారికి ఆలిము చెప్పే మాట వినాల్సిన బాధ్యత ఉంది.

ఆషూరా ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా ఇలాంటి సందిగ్ధాలున్నాయి. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ అనే ఆయన దక్కన్ ముస్లింల ఆచారాలన్నీ రాసిపెట్టగా, మద్రాసు వైద్యాధికారి హెర్‌క్లాట్స్ 1832లో ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ పేరుతో ఇంగ్లీషులో తెచ్చారు. దాదాపు రెండు వందల ఏళ్లనాటి ఆ పుస్తకంలో మన ఇళ్లలోని నెలల లెక్క అచ్చంగా కనబడుతుంది. సఫర్ నెలను తేరా తేజీ అనడం, రబీఉల్ అవ్వల్‌ను బారా వఫాత్ అనడం, ఆ తరువాతి నెలకు దస్తగీర్ పేరు పెట్టడం అందులో ఉన్నాయి. పంచాంగంలోని అరబ్బీ పేర్లు తెలియని నానమ్మలకు కూడా ఈ పేర్లు తెలుసు. అందుకే ఈ ఆచారాలను నిన్నమొన్న ఎవరో కల్పించారని కొట్టిపారేయడం కుదరదు. అవి పాతవే. పాతవైనంత మాత్రాన ప్రవక్త నుంచి వచ్చినవని కూడా కాదు. తేల్చాల్సింది ఈ రెండో సంగతే.

ముందు తగాదా లేనివి చూద్దాం. అలాంటి నఫిల్ (ఐచ్ఛిక) రోజాలు చాలానే ఉన్నాయి. సోమ, గురువారాలు. ప్రతి చాంద్రమాసంలో వెన్నెల నిండుగా ఉండే 13, 14, 15. హజ్‌కు వెళ్లనివాళ్లకు జిల్‌హజ్ 9, అరఫా దినం. రంజాన్ తరువాత షవ్వాల్‌లో ఆరు. అన్నిటికన్నా ఎక్కువ చేయదలచినవాళ్లకు దావూద్ ప్రవక్త పద్ధతి, ఒకరోజు ఉండి ఒకరోజు విడవడం. అంతకు మించి వద్దన్నారు. రెండు ఈదుల రోజుల్లోనూ, బక్రీద్ తరువాతి మూడు రోజుల్లోనూ రోజా ఉండకూడదు. శుక్రవారం ఒక్కదాన్నే ఏరుకొని ఉండటం కూడా మంచిది కాదన్నారు.

వీటిలో కూడా తొలితరం పెద్దలకు అనుమానాలు రాకపోలేదు. షవ్వాల్ ఆరు రోజాల మీద సహీ ముస్లింలో హదీసు ఉంది. అయినా మదీనా ఇమామ్ మాలిక్ వాటిని ఇష్టపడలేదు. మా ఊళ్లో పండితులెవరూ ఇవి ఉండటం చూడలేదనీ, తెలియని జనం వీటిని రంజాన్‌లో భాగమే అనుకొని అతికించేస్తారేమోననీ ఆయన భయం. తరువాతి ఆలిములు ఆ హదీసునే ఆధారంగా తీసుకున్నారు, ఇవాళ కోట్లమంది ఆ ఆరూ ఉంటున్నారు. కానీ మాలిక్ భయాన్ని గుర్తుపెట్టుకోవాలి. మంచిపని కూడా జనంలో పడి విధిగా మారిపోగలదని పన్నెండు వందల ఏళ్ల కిందటే ఆయనకు తెలుసు. ‘బిద్అత్’ అని అరిచేవాళ్ల వాదనలో ఉన్న బలమైన భాగం ఇదే.

ఇప్పుడు అసలు తగాదాలకు వద్దాం. రజబ్ 27, షబె మేరాజ్. ఆ రాత్రి గడిచాక అదే తేదీన పగలు ఉండే రోజాను మన వైపు హజారీ రోజా అంటారు. ఒక్కటి ఉంటే వెయ్యి ఉన్నంత పుణ్యమని. దీనికి నిలబడే హదీసు లేదు. పదిహేనో శతాబ్దంలో బుఖారీ హదీసు సంకలనానికి గొప్ప వ్యాఖ్యానం రాసిన ఇబ్న్ హజర్ అస్ఖలానీ, రజబ్ మహిమల మీద వచ్చిన కథనాలన్నిటినీ జల్లెడ పట్టడానికే ఒక చిన్న పుస్తకం రాశారు. రజబ్‌లో ప్రత్యేకించి ఒక రోజు రోజాకు ఆధారపడదగిన హదీసు ఏదీ లేదని తేల్చారు. షియాలకు మాత్రం ఆ తేదీ ముహమ్మద్ ప్రవక్తగా నియమితులైన దినం, ఆ రోజు ఉపవాసానికి వాళ్ల గ్రంథాల్లో ఆధారాలున్నాయి. బనగానపల్లె లాంటి చోట పక్కింటిని చూసి పక్కింటికి అలవాటు పాకడం సులువు.

అదే నెల 22న కూండే. ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరున పూరీలు, ఖీరు చేసి, మట్టి పాత్రల్లో పెట్టి, ఒక కట్టెలు కొట్టేవాడి కథ చదివి, ఇంట్లోనే కూర్చోబెట్టి పెడతారు. మరి ఆ తేదీకి ఇమామ్‌తో సంబంధమేమిటి? ఆయన పుట్టింది రబీఉల్ అవ్వల్‌లో అంటారు, కన్నుమూసింది హిజ్రీ 148 షవ్వాల్‌లో అంటారు. రజబ్‌కు ఏ లంకె కూడా కుదరదు. అది అమీర్ ముఆవియా చనిపోయిన తేదీ అనీ, దాన్ని దాచి జరుపుకునే సంతోషమనీ కొందరు సున్నీలు ఆరోపిస్తారు. సున్నీ ఇళ్లలోనే ఏళ్ల తరబడి కూండే చేస్తున్న అమ్మలకు ఆ ఆరోపణ కొరకరాని కొయ్య. వాళ్ల మనసులో అలాంటిదేమీ లేదు, బిడ్డ జబ్బు నయమైతే పదిమందికి పెడతామన్న మొక్కే ఉంది. పదిమందికి పెట్టడం ఎప్పుడైనా మంచిదే. ఈ తేదీనే పెట్టాలి, ఈ కథే చదవాలి, బయటికి తీసుకుపోతే కీడు అన్న షరతులకే ఆధారం లేదు.

షాబాన్ 15 కొంచెం చిక్కు. ఆ రాత్రి నమాజు చేసి, పగలు రోజా ఉండమని చెప్పే ఒక హదీసు ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. కానీ దాన్ని చేరవేసినవారిలో ఒకరు హదీసులు కల్పించాడన్న ఆరోపణ ఉన్నవాడు. అయితే షాబాన్ నెలలో ప్రవక్త ఎక్కువ రోజులు ఉపవాసం ఉండేవారన్నది గట్టి హదీసు. పైగా 15 అనేది వెన్నెల రోజుల్లో ఒకటి. కాబట్టి ఆ రోజు రోజా ఉన్నవారి ఉపవాసం వృథా కాదు. ప్రత్యేక పుణ్యం లెక్కలు వేసుకోకుంటే చాలు. ఆ రోజు చేసే హల్వా మాట వేరే. ఉహుద్ యుద్ధంలో ప్రవక్త పన్ను విరిగినందుకు హల్వా తిన్నారని చెబుతారు. ఉహుద్ జరిగింది షవ్వాల్‌లో, షాబాన్‌లో కాదు. హల్వా హల్వాగా తినండి. దానికి చరిత్రను తగిలించడమే తప్పు. ఆ రాత్రి కాల్చే టపాసుల గురించి చెప్పనక్కరలేదు.

సఫర్ నెల మొదటి పదమూడు రోజులు, తేరా తేజీ, కీడని పెళ్లిళ్లు వాయిదా వేయడం, గుడ్లు, నూనె, ధాన్యం, చిల్లర పైసలు దిగదుడిచి పేదలకు ఇవ్వడం మన వైపు గట్టి అలవాటు. సఫర్‌లో కీడు లేదని ప్రవక్తే స్పష్టంగా చెప్పిన మాట బుఖారీలో ఉంది. దానం మంచిదే, భయం తప్పు. నెల చివరి బుధవారం ప్రవక్త జబ్బు నుంచి కోలుకొని స్నానం చేశారని ఆఖరీ చహార్ షంబా జరుపుతారు. ఆయన చివరి జబ్బు మొదలైంది ఆ రోజుల్లోనేనని చరిత్రకారులు చెబుతారు. ఈ ఆచారానికి మూలం లేదని చెప్పినవారిలో అహ్మద్ రజా ఖాన్ కూడా ఉన్నారు.

హదీసు బలహీనమైతే అంతా వదిలేయాల్సిందేనా? శాస్త్రకారులు అలా అనలేదు. పుణ్యకార్యాల మహిమ విషయంలో బలహీన హదీసును మూడు షరతులతో తీసుకోవచ్చన్నారు ఇబ్న్ హజర్. మరీ కుళ్లిపోయినదై ఉండకూడదు. అప్పటికే శాస్త్రంలో ఉన్న ఒక మూలసూత్రం కిందికి రావాలి. చేసేటప్పుడు ప్రవక్త ఖచ్చితంగా ఇలా అన్నారని నమ్మకూడదు. ఈ మూడో షరతే మన ఫోన్లలో రోజూ భంగమవుతోంది. ఫలానా రోజు రోజా ఉంటే అరవై ఏళ్ల పుణ్యం, ఇరవై మందికి పంపకపోతే నష్టం అని ఏ గ్రంథం పేరూ లేకుండా వచ్చే సందేశాలు ప్రవక్త పేరున తిరుగుతున్నాయి. ఆయన అననిది అన్నారని చెప్పడం, పల్లెలో పీరుకు మలీద పెట్టడంకన్నా పెద్ద తప్పు. పెద్ద చదువులు చదివినవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తున్నారు.

నఫిల్ రోజా విషయంలో మరో సంగతి ఎవరూ చెప్పరు. దాన్ని విడవడానికి దారులున్నాయి. హనఫీల ప్రకారం ఉదయం ఏమీ తినకుండా ఉంటే మధ్యాహ్నానికి ముందు కూడా నియ్యత్ చెప్పుకోవచ్చు. మొదలుపెట్టి మధ్యలో విడిస్తే మరోరోజు తిరిగి ఉండాలి, షాఫయీల ప్రకారం అదీ అక్కర్లేదు. అబూ దర్దా అనే సహచరుడు పగలంతా ఉపవాసాలు, రాత్రంతా నమాజులతో భార్యను పట్టించుకోకుంటే, ఆయన ఇంటికి అతిథిగా వచ్చిన సల్మాన్ ఫార్సీ నువ్వు తింటేనే నేను తింటానని పట్టుబట్టి రోజా విడిపించాడు. ఒంటికీ, ఇల్లాలికీ, అతిథికీ నీ మీద హక్కుందని చెప్పాడు. సల్మాన్ చెప్పింది నిజమని ప్రవక్త అన్నారు. రంజాన్ విధి రోజాలనే జబ్బుపడ్డవాళ్లకు ఖురాన్ సడలించింది. అలాంటిది చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునే పెద్దమ్మ జూన్ ఎండలో మొక్కు కోసం దప్పికతో పడి ఉండటాన్ని ఏ మజ్‌హబూ కోరదు. చాంద్రమాన సంవత్సరం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2009లో ఆషూరా ఒకసారి జనవరిలో, మళ్లీ డిసెంబర్‌లో చలికాలంలో వచ్చింది. ఇప్పుడు ఎండ, ఉక్క ఉన్న నెలల్లో వస్తోంది.

కొడుకుకూ, అమ్మకూ నేను చెప్పదలచింది ఇదీ. నాయనా, ఆధారం అడిగే హక్కు నీకుంది. అడిగేటప్పుడు అమ్మను కాఫిర్ చేయకు. కూండే రోజున వండిన పూరీ హరామ్ కాదు. నువ్వు తిని, ఏ తేదీన పెట్టినా ఇంతే పుణ్యమమ్మా అని చెబితే ఆమె వింటుంది. అమ్మా, నువ్వు చేసే దానం, నీ ఉపవాసం ఎక్కడికీ పోవు. వాటికి ప్రవక్త పేరు తగిలించేముందు మీ మసీదు ఇమామ్‌ను ఒక్కమాట అడుగు. ఇక షియా ఇంటి ముందు నుంచి, పీర్ల సావిడి ముందు నుంచి వెళ్లేటప్పుడు వాళ్లది ఏ లెక్క ఉపవాసమో తెలుసుకొని వెళ్లండి, తీర్పు చెప్పే పని మనది కాదు.

2026లో ఆషూరా జూన్ ఆఖరి వారంలో వస్తుంది, నెలవంక కనబడ్డాక తేదీ తేలుతుంది. రోజా ఉండదలచినవాళ్లు తొమ్మిదీ పదీ గానీ, పదీ పదకొండూ గానీ ఉండండి. రంజాన్‌లో తప్పిపోయిన రోజాలు బాకీ ఉంటే ముందు అవి తీర్చండి. ఉండలేనివాళ్లు ఆ ఎండలో దారినపోయేవాళ్లకు నీళ్లు పోయండి.